ఇంటి ఈతకొలను, దాని చుట్టూ కంచె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆస్ట్రేలియాలోని తెలుగువాళ్లవి. అక్కడ ఎండలు మొదలయ్యే కాలం ఇది. పెరట్లో పూల్ ఉన్న ఇల్లు కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు, అద్దెకు దిగినవాళ్లు రాశారు. అమెరికా నుంచి ఒకరు, మొయినాబాద్‌లో ఫార్మ్‌హౌస్ కట్టుకుంటున్న వారొకరు కూడా అడిగారు.

జవాబుల్లో కొలతలు చాలా కనిపిస్తాయి. ఒక్కటీ ఊరికే పెట్టింది కాదు, అన్నీ అయిదేళ్లలోపు పిల్లల ఒంటిని లెక్కలోకి తీసుకుని పెట్టినవే. 100 మి.మీ. సందులో తల, ఛాతీ పట్టవు. 900 మి.మీ. ఎడం ఉన్న రెండు అడ్డకమ్మీల మధ్య పిల్ల కాలు ఒకదాని మీంచి రెండోదాని మీదికి అందదు. 1500 మి.మీ. ఎత్తున ఉన్న గడియకు చెయ్యి అందదు. ఏ కొలతను ఎక్కడ సడలిస్తే ఎవరికి దారి తెరుచుకుంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బ్లాక్‌టౌన్‌లో (సిడ్నీ) పూల్ ఉన్న ఇల్లు చూశాం. కాంట్రాక్టుకు ‘నాన్ కంప్లయన్స్’ సర్టిఫికెట్ జతచేశారు. కంచె బాగానే కనిపిస్తోంది. కొనవచ్చా? మాకు మూడేళ్ల పాప ఉంది.

కొనవచ్చు. కాకపోతే ఆ కాగితానికి అర్థం ఏమిటో తెలుసుకుని కొనాలి. న్యూ సౌత్ వేల్స్‌లో 1992 నాటి స్విమ్మింగ్ పూల్స్ చట్టం ప్రకారం ప్రతి ఇంటి పూల్‌నూ రాష్ట్ర రిజిస్టర్‌లో నమోదు చేయాలి. 2016 ఏప్రిల్ 29 నుంచి పూల్ ఉన్న ఇల్లు అమ్మాలంటే కాంట్రాక్టుకు మూడింటిలో ఏదో ఒకటి జతచేయాలి: చెల్లుబాటులో ఉన్న కంప్లయన్స్ సర్టిఫికెట్ (కంచె నిబంధనలకు తగ్గట్టు ఉందని చెప్పే కాగితం), గత మూడేళ్లలో ఇచ్చిన ఆక్యుపేషన్ సర్టిఫికెట్‌తో పాటు రిజిస్ట్రేషన్ కాగితం, లేదా మీకు ఇచ్చిన నాన్ కంప్లయన్స్ సర్టిఫికెట్, అంటే కంచె నిబంధనలకు తగ్గట్టు లేదని చెప్పే కాగితం. ఈ మూడోది ఇచ్చారంటే లోపాలు సరిచేసే బాధ్యత కొన్నవాళ్ల మీద పడుతుంది. సెటిల్‌మెంట్ (ఇల్లు మీ పేరుకు మారే) రోజు నుంచి 90 రోజుల్లో కంచె సరిచేయించి కంప్లయన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

లోపాలు ఏమిటో సర్టిఫికెట్‌లోనే రాసి ఉంటుంది. వాటిని వరసగా చదివి రెండు కుప్పలుగా విడదీయండి. గడియ మార్చడం, స్ప్రింగు బిగించడం, కుండీలు జరపడం, బోర్డు పెట్టడం చిన్న పనులు. సరిహద్దు కంచె ఎత్తు చాలకపోవడం, ఇంటి తలుపు నేరుగా పూల్ దగ్గరికి తెరుచుకోవడం, రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా కట్టేది) వల్ల కంచె బయటివైపు ఎత్తు తగ్గిపోవడం పెద్ద పనులు. రెండో కుప్పలో ఒక్కటి ఉన్నా కంచె కట్టేవాళ్ల దగ్గర కొటేషన్ తీసుకుని, ఆ మొత్తాన్ని ముందుపెట్టి బేరం ఆడండి. సంతకం అయ్యాక బేరానికి చోటుండదు.

పూల్ 1990 ఆగస్టు 1కి ముందు కట్టినదైతే పాత మినహాయింపులు ఉండవచ్చు. ఇంటి గోడనే ఒకవైపు కంచెగా లెక్కపెట్టి, పూల్ వైపు తలుపుకు పిల్లలు తీయలేని గడియ ఉంటే చాలని అప్పట్లో అనుమతించారు. చట్టం ఒప్పుకున్నా, మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో అది చాలదు. వంటింట్లోంచి పెరట్లోకి రోజుకు ఎన్నోసార్లు తిరిగే తలుపు ఏదో ఒకసారి తెరిచే ఉండిపోతుంది. ఇంటికీ పూల్‌కూ మధ్య నాలుగో వైపు కంచె కూడా వేయించుకోండి. ఆ ఖర్చు కూడా కలుపుకొనే ఇంటి ధర లెక్క వేసుకోండి.

ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లండి. కంచె ఎత్తు బయటివైపు నేల నుంచి 1200 మి.మీ.కు తగ్గకూడదు. ఒకచోట కొలిచి ఊరుకోకండి, అడుగడుగునా కొలవండి. పూలమడికి మట్టి పోసినచోట, కొత్తగా రాళ్లు పరిచినచోట ఎత్తు తగ్గిపోయి ఉంటుంది. కింద సందు, ఊచల మధ్య సందు 100 మి.మీ. దాటకూడదు. పూల్ ఆవరణలోకి తెరుచుకునే కిటికీ ఉంటే, దాని తెరుచుకునే భాగం అడుగు పూల్ వైపు నేల నుంచి 1800 మి.మీ. కన్నా కింద ఉందేమో చూడండి. ఉంటే ఆ కిటికీ 100 మి.మీ.కు మించి తెరుచుకోకుండా బిగించాలి, లేదా ఊడదీయడానికి రాని మెష్ వేయాలి.

మాది బ్రిస్బేన్. పూల్ గేటు పూర్తిగా తెరిచి వదిలితే ధడాలున మూసుకుంటుంది. కొంచెమే తెరిచి వదిలితే గడియ దగ్గర ఆగిపోతుంది. స్ప్రింగు ఇంకా బిగించమంటారా?

వద్దు, ముందే స్ప్రింగు జోలికి పోకండి. తనిఖీలో ఎక్కువ పూల్‌లు తప్పేది గేటు దగ్గరే. చాలామంది మీరు అడిగినట్టే స్ప్రింగు బిగించి, ఉన్న సమస్యను ఇంకా పెద్దది చేసుకుంటారు.

నియమం ఇదీ: గేటు ఏ స్థితిలో వదిలినా, చెయ్యి తగలకుండా తనంతట తాను మూసుకుని గడియ పడాలి. నాలుగు చోట్ల నుంచి పరీక్షించండి. పూర్తిగా తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, బెత్తెడు తెరిచి ఒకసారి, గడియ నాలుక మీద గేటు ఆనేలా పెట్టి ఒకసారి వదలండి. నెట్టవద్దు, ఊరికే వదలాలి. చివరిదే కష్టమైన పరీక్ష, ఎందుకంటే అక్కడ గేటుకు ఊపు ఉండదు. మీ గేటు తప్పుతున్నది అక్కడే. గడియ పడిన తర్వాత గేటును పైకి లేపి చూడండి, లాగి చూడండి, ఊపి చూడండి. ఊడి రాకూడదు.

ఇప్పుడు కారణం వెతకాలి. వరస తప్పకుండా చూడండి. మొదట స్తంభాలు. మట్టం పట్టీ పెట్టి బందులు (గేటు తిరిగే కీళ్లు) ఉన్న స్తంభం, గడియ ఉన్న స్తంభం నిట్టనిలువుగా ఉన్నాయా చూడండి. బంకమట్టి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. నాలుగైదు ఏళ్లలో స్తంభం కాస్త వాలిపోవడం మామూలే. స్తంభం వాలిందంటే దాన్ని తీసి మళ్లీ కాంక్రీటులో పాతాల్సిందే, బందులతో సర్దుబాటు చేసినది ఎక్కువ కాలం నిలవదు. రెండోది గేటు జారడం. గడియ వైపు కింది మూల నేలకు దగ్గరైందా చూడండి. పిల్లలు గేటు పట్టుకుని ఊగితే బందుల స్క్రూలు వదులై గేటు జారుతుంది. ముందు స్క్రూలు బిగించి, ఆ తర్వాత బందు ఎత్తు సరిచేయండి. మూడోది అడ్డు. కింద పెరిగిన గడ్డి, పైకి లేచిన పలక, ఒక్క గులకరాయి చాలు గేటును ఆపడానికి. నాలుగోది గడియ వరుస. గడియ నాలుక, అది పడే గూడు ఒకే ఎత్తులో ఉండాలి. అయస్కాంతం గడియలైతే గేటుకూ స్తంభానికీ మధ్య సందు తయారీదారు చెప్పినంతే ఉండాలి. సందు ఎక్కువైతే అయస్కాంతం లాగదు, తక్కువైతే గేటు రాసుకుని ఆగుతుంది. మీ గేటు నాలుక దగ్గర ఆగుతోందంటే లోపం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

ఇవన్నీ సరిచేశాకే స్ప్రింగు. పై బందును, కింది బందును సమంగా, ఒక్కొక్క మెట్టు చొప్పున బిగించి, ప్రతిసారీ నాలుగు పరీక్షలూ చేయండి. ముందే స్ప్రింగు బిగిస్తే గేటు ప్రతిసారీ గడియను బాదుతుంది. ఆ దెబ్బలకు గడియ పగులుతుంది, స్క్రూలు మళ్లీ వదులవుతాయి, గేటు మళ్లీ జారుతుంది. స్ప్రింగు చివరిదాకా బిగించినా గేటు మూసుకోకపోతే దాని బలం అయిపోయినట్టే. అప్పుడు రెండు బందులూ జతగా మార్చండి, ఒక్కదాన్నే మార్చవద్దు.

ఇంకోటి. గేటు పూల్ నుంచి బయటివైపుకే తెరుచుకోవాలి. గడియ సరిగా పడని రోజు కూడా, బయట నుంచి పిల్ల నెడితే గేటు మూసుకునే వైపే కదులుతుంది. లోపలికి తెరుచుకునే గేటైతే ఆ నెట్టుకే తెరుచుకుంటుంది.

క్వీన్స్‌లాండ్‌లో సొంతింటి పూల్‌కు ఇచ్చే పూల్ సేఫ్టీ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. అపార్ట్‌మెంట్లలో అందరూ వాడే పూల్‌కైతే ఒక్క ఏడాదే. ఆ కాగితం తనిఖీ జరిగిన రోజు సంగతే చెబుతుంది. వాడే కాలంలో ఈ నాలుగు పరీక్షలూ నెలకొకసారి మీరే చేసుకోండి.

మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. భుజం నొప్పి వల్ల 1500 మి.మీ. ఎత్తున ఉన్న గడియ తీయలేకపోతున్నారు. దాన్ని కిందికి దించవచ్చా?

బయటివైపు ఉన్న గడియను దించకూడదు. గడియ తీసే మీట నేల నుంచి 1500 మి.మీ. పైన ఉండాలి. కింది అడ్డకమ్మీ పైఅంచు నుంచి చూసినా 1400 మి.మీ. ఎడం ఉండాలి. పిల్ల ఆ కమ్మీ మీద నిలబడి చెయ్యి చాచవచ్చు కదా, అందుకే ఆ రెండో కొలత.

గడియ కింద ఉండాలంటే దాన్ని పూల్ వైపు పెట్టాలి. గేటు పైఅంచు కన్నా కనీసం 150 మి.మీ. కిందికి ఉండాలి, దాని చుట్టూ 450 మి.మీ. మేర 10 మి.మీ. కన్నా పెద్ద సందు లేకుండా రేకో, పలకో, గాజో మూసి ఉండాలి. తీయాలంటే గేటు మీంచి చెయ్యి వంచి లోపలికి పెట్టాలి. భుజం నొప్పి ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. కాబట్టి గడియ ఉన్నచోటే ఉంచి, ఆవిడకు ఒంటరిగా పూల్ దగ్గరికి వెళ్లే పని లేకుండా చూడండి. బట్టలారేసే తీగ, కరివేపాకు మొక్క, కుళాయి కంచె లోపల ఉంటే బయటికి మార్చండి. పనుల కోసం రోజూ తెరవాల్సి వచ్చిన గేటుకే ఇటుకో, చెప్పో అడ్డం పెడతారు. ఆ ఇటుక ఉన్నంతసేపూ కంచె లేనట్టే.

టార్నీట్‌లో (మెల్‌బోర్న్) మా పెరట్లో పూల్ కంచెకు ఆనుకుని తులసికోట ఉంది. ఇన్‌స్పెక్టర్ తీసేయమన్నారు. కంచె ఎత్తు సరిగ్గానే ఉంది కదా?

ఎత్తు సరే, కానీ తులసికోట గట్టు మీద పిల్ల నిలబడితే మిగిలే ఎత్తెంత? కోట 600 మి.మీ. ఉంటే, 1200 మి.మీ. కంచె కాస్తా 600 మి.మీ. అడ్డు అయిపోతుంది. ఇన్‌స్పెక్టర్ చెప్పింది సరైనదే.

ఇప్పటి ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 1926.1 కంచె బయటివైపు 900 మి.మీ. మేర ఎక్కడానికి వీల్లేని చోటు ఉండాలంటుంది. కంచె పైఅంచు దగ్గర టేపు చివర పట్టుకుని, 900 మి.మీ. దారంతో బయటివైపుకు, కిందికి పావు వృత్తం గీసినట్టు ఊహించుకోండి. ఆ మేరలో కాలు ఆనేది ఏదీ ఉండకూడదు. 10 మి.మీ. కన్నా ఎక్కువ పొడుచుకొచ్చిన అంచు కూడా కాలు ఆనేదాని కిందే లెక్క. కుండీలు, కుర్చీలు, బార్బెక్యూ, చెత్తడబ్బాలు, ఏసీ బయటి యూనిట్, గోడ కుళాయి, సైకిల్, ట్రాంపొలీన్, వంగిన చెట్టుకొమ్మ అన్నీ ఇందులోకి వస్తాయి. ఊచల కంచె అయితే లోపలివైపు కూడా 300 మి.మీ. మేర ఖాళీగా ఉండాలి, ఎందుకంటే సందులోంచి కాలు పెట్టి లోపలి వస్తువు మీద ఆనించి ఎక్కవచ్చు. పూల్ పంపు పెట్టె తరచు అక్కడే కనిపిస్తుంది.

తులసికోటను కంచె నుంచి మీటరుంబావు దూరం జరపండి. దూరాన్ని కోట మధ్య నుంచి కాకుండా, కంచెకు దగ్గరున్న అంచు నుంచి కొలవాలి. పక్కన దీపం పెట్టుకునే గట్టు, పీట, నీళ్ల చెంబు పెట్టే అరుగు ఉంటే వాటి అంచు నుంచి. కంచె లోపలికి మార్చేస్తే నియమానికి అడ్డు రాదనుకోవచ్చు. ఆ పని మాత్రం చేయకండి. పొద్దున, సాయంత్రం దీపానికి గేటు తీస్తారు. నానమ్మ వెనకాలే మనవడు వస్తాడు. ఆవిడ చేతిలో పళ్లెం ఉంటే గేటు మూసుకుందో లేదో వెనక్కి తిరిగి చూడరు. తులసికోటకు మంచి చోటు పూల్‌కు సంబంధం లేని వైపే.

విక్టోరియాలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పూల్‌ను కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) నమోదు చేయాలి, నాలుగేళ్లకొకసారి కంప్లయన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ కంచెకు ఏ ప్రమాణం వర్తిస్తుందో పూల్ కట్టిన తేదీని బట్టి ఉంటుంది: 1991 ఏప్రిల్ 8కి ముందువి, అప్పటి నుంచి 2010 ఏప్రిల్ 30 వరకు కట్టినవి, 2010 మే 1 నుంచి కట్టినవి. కౌన్సిల్ పంపే ఉత్తరంలో మీది ఏ వర్గమో రాస్తారు. పైన చెప్పిన 900 మి.మీ. లెక్క ఇప్పటి ప్రమాణానిది. పాత పూల్ అయితే కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి ఆ ఉత్తరం చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

పక్కింటివాళ్లకూ మాకూ మధ్యనున్న చెక్క కంచెనే పూల్ కంచెగా వాడుకోవచ్చా? వాళ్లు వాళ్ల వైపు కట్టెలు పేర్చారు.

వాడుకోవచ్చు. సరిహద్దు కంచెకు ఎత్తు 1800 మి.మీ. ఉండాలి, మీ వైపు నుంచి, అంటే పూల్ వైపు నుంచి కొలవాలి. పక్కింట్లో ఏం పెడతారన్నది మీ చేతుల్లో ఉండదు. అందుకే ఎత్తు పెంచి, ఎక్కకూడని 900 మి.మీ. మేరను మీ వైపు పైభాగంలో పెట్టారు. వాళ్ల కట్టెలు తనిఖీలో మీ తప్పు కాదు. అయినా పక్కింటివాళ్లతో ఒక మాట చెప్పి జరిపించండి, వాళ్లింట్లోనూ పిల్లలు ఉండవచ్చు.

చెక్క కంచెలకు వచ్చే తంటా ఎక్కువగా అడ్డపట్టీలతో. అవి మీ వైపు ఉండి, పై 900 మి.మీ.లో ఒకటి పడితే అది మెట్టే. కంచె మొత్తం మార్చక్కర్లేదు. ఆ పట్టీ పైఅంచు మీద 60 డిగ్రీల వాలు ఉన్న చెక్క చీలికను పొడవునా మేకులతో కొట్టించండి. ఆ వాలు మీద కాలు నిలవదు, జారిపోతుంది. చీలిక పట్టీ వెడల్పంతా కప్పాలి. మధ్యలో ఆపితే మిగిలిన అంచు మళ్లీ మెట్టవుతుంది.

మొయినాబాద్ దగ్గర ఫార్మ్‌హౌస్‌లో 8 మీటర్లు × 4 మీటర్ల పూల్ కట్టిస్తున్నాం. చుట్టూ ఎనిమిదడుగుల కాంపౌండ్ వాల్ ఉంది. వారాంతాల్లోనే వెళతాం. మళ్లీ కంచె ఎందుకు?

కాంపౌండ్ వాల్ బయటివాళ్లను ఆపుతుంది. నీళ్లలో పడే ప్రమాదం లోపల ఉన్న పిల్లలకు. మీరు వారాంతాల్లోనే వెళతారు, నీళ్లు మాత్రం వారమంతా ఉంటాయి. వాచ్‌మన్ కుటుంబం అక్కడే ఉంటే వాళ్ల పిల్లలు వారమంతా ఆ ఆవరణలోనే ఆడుకుంటారు, వాళ్ల అమ్మానాన్నలు తోటపనిలో ఉంటారు. అన్నింటికన్నా ముందు ఆ పిల్లల కోసమే కంచె వేయించండి. నాలుగు వైపులా, పూల్ ఒక్కదాని చుట్టే. ఆస్ట్రేలియా కొలతలు ఇక్కడికీ సరిగ్గా సరిపోతాయి.

నీటి అంచు నుంచి చుట్టూ ఒక మీటరు వదిలితే కంచె 10 మీటర్లు × 6 మీటర్లు వస్తుంది. పెద్దవాళ్లు పూల్ చుట్టూ పరుగెత్తి పిల్లను లాగడానికి ఆ మీటరు కావాలి. మొత్తం చుట్టుకొలత 32 మీటర్లు, గేటుకు ఒక మీటరు పోతే 31. ఎత్తు 1300 మి.మీ. పెట్టండి. తర్వాత టైల్స్ వేసినా, మట్టి పోసినా 1200కు తగ్గకుండా ఉంటుంది.

స్తంభాలకు 50 మి.మీ. చదరపు పైపు, రెండేసి మీటర్లకు ఒకటి, గేటు స్తంభంతో కలిపి 17. నేలలో అర మీటరు కాంక్రీటు, పైన 1300, అంటే ఒక్కొక్కటి 1.8 మీటర్లు. ఆరు మీటర్ల పైపులో మూడు వస్తాయి కాబట్టి ఆరు పైపులు. గేటు గడియ ఉండే స్తంభం మాత్రం నేల నుంచి 1600 మి.మీ. రావాలి, లేకపోతే 1500 ఎత్తున గడియ బిగించడానికి చోటుండదు. దానికి పొడుగు పైపు ముక్క విడిగా తీసుకోండి. అడ్డకమ్మీలు రెండే: 40 మి.మీ. పైపు, కిందొకటి, పైనొకటి. 62 మీటర్లకు 11 పైపులు. కింది కమ్మీ నేలకు 70 మి.మీ. ఎత్తున ఉండాలి. నిలువు ఊచలకు 25 మి.మీ. పైపు, మధ్య సందు 90 మి.మీ. నియమం 100 అన్నా, వెల్డింగ్‌లో అయిదారు మి.మీ. అటూ ఇటూ అవుతుంది కాబట్టి 90 చెప్పండి. దాదాపు 270 ఊచలు, ఒక్కొక్కటి 1150 మి.మీ. ఆరు మీటర్ల పైపుకు అయిదు, అంటే 54 పైపులు. గేటుకు, తరుగుకు ఇంకో నాలుగు కలపండి.

ఫ్యాబ్రికేటర్‌కు ఒక మాట గట్టిగా చెప్పండి: మధ్యలో అడ్డకమ్మీ వద్దు, డిజైన్లు వద్దు, పువ్వులు వద్దు. అందం కోసం మధ్యలో వేసే పట్టీలు, రింగులు పిల్లలకు నిచ్చెనలా పనికొస్తాయి. పైన శూలాల్లా మొనలు కూడా వద్దు. 50 మి.మీ. కన్నాల చైన్‌లింక్ జాలీ చవకే, కానీ ఆ కన్నాల్లో పిల్లల కాలివేళ్లు చక్కగా పడతాయి. జాలీయే వేస్తే కన్నం 13 మి.మీ. మించకూడదు, లేదంటే ఎత్తు 1800 మి.మీ. ఉండాలి.

మన దగ్గర గేటుకు మామూలుగా వేసేది బోల్టు గడియ. అది చెయ్యి పెడితేనే పడుతుంది, మరిచిపోతే పడదు. స్ప్రింగు బందులు, తనంతట పడే గడియ కావాలని అడిగి తెప్పించండి. మీరు లేని రోజుల్లో దానికి అదనంగా తాళం వేయండి. క్లోరిన్ నీళ్ల పక్కన మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, జీఐ పైపు వాడి, వెల్డింగ్ చేసిన ప్రతి అతుకుకూ జింక్ ప్రైమర్ కొట్టించండి. స్తంభం కాంక్రీటు పైభాగం వాలుగా ఉండాలి, నీళ్లు నిలిస్తే స్తంభాన్ని అక్కడే తుప్పు తినేస్తుంది. ఆ ఆవరణలోనే నీళ్ల సంప్, వ్యవసాయ బావి ఉంటే వాటి మూతల సంగతీ ఇదే వారంలో చూడండి.

మేము చాండ్లర్‌లో (అరిజోనా) ఉంటాం. మా పిల్లలు పెద్దవాళ్లు. ఆరేళ్లలోపు పిల్లలు లేని ఇంటికి కంచె అక్కర్లేదని విన్నాం.

రాష్ట్ర చట్టంలో ఆ మినహాయింపు ఉంది. ఇంట్లో ఉండేవాళ్లంతా ఆరేళ్లు, అంతకు మించి వయసున్నవాళ్లైతే కంచె నిబంధన వర్తించదు. కానీ నగరం తన నిబంధనలను అంతకన్నా కఠినంగా పెట్టుకోవచ్చు. కాబట్టి మీ నగర భవన విభాగాన్ని అడగకుండా కంచె తీసేయవద్దు. పైగా సంక్రాంతికి, పుట్టినరోజులకు ఇంటికి వచ్చే స్నేహితుల పిల్లలు ఆ మినహాయింపు లెక్కలోకి రారు.

అరిజోనా కొలతలు ఆస్ట్రేలియావి కావు: ఎత్తు అయిదడుగులు, నాలుగు అంగుళాల బంతి దూరే సందు ఉండకూడదు, కంచె నీటి అంచుకు కనీసం 20 అంగుళాల దూరంలో ఉండాలి, గడియ నేల నుంచి 54 అంగుళాలు, గేటు బయటికి తెరుచుకుని తనంతట మూసుకోవాలి. టెక్సాస్, కాలిఫోర్నియాలకు మారితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. కాలిఫోర్నియాలో కొత్త పూల్‌కు గానీ, పునర్నిర్మాణానికి గానీ అనుమతి కావాలంటే చట్టం చెప్పిన ఏడు రక్షణల్లో కనీసం రెండు ఉండాలి. అందులో అలారాలు కూడా ఉన్నాయి. రెండు ఎంచుకోవాల్సి వస్తే ఒకటి తప్పనిసరిగా కంచె ఎంచుకోండి. అలారం మోగేది పిల్ల దాటిన తర్వాత.

పూల్ దగ్గర బోర్డు తప్పనిసరా? మనిషి మునిగితే చేయాల్సింది అందులో ఉంటుందా?

న్యూ సౌత్ వేల్స్‌లో తప్పనిసరి. ప్రాణం నిలిపే పద్ధతి బొమ్మలతో ఉండాలి. చిన్నపిల్లలను కనిపెట్టుకుని ఉండాలని, గేటు ఎప్పుడూ మూసి ఉంచాలని, కంచెకు 900 మి.మీ. లోపు వస్తువులు పెట్టవద్దని రాసి ఉండాలి. అక్షరాలు మూడు మీటర్ల నుంచి చదవగలగాలి. ఎండకు రంగు పోయిన బోర్డు తనిఖీలో తప్పుతుంది.

నీళ్లలోంచి తీసిన బిడ్డ పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం మన దగ్గర ఇంకా చేస్తున్నారు. దయచేసి చేయకండి. దాంతో ఊపిరి రాదు, ఉన్న కాస్త సమయం పోతుంది. స్పృహ లేక, శ్వాస సరిగా లేకపోతే ఒకరు ఫోన్ చేయాలి: ఆస్ట్రేలియాలో 000, అమెరికాలో 911, మన దగ్గర 108 లేదా 112. ఇంకొకరు ఛాతీ మధ్య, ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. మునిగినవాళ్లకు ఊపిరి ఊదడం చాలా ముఖ్యం, నొక్కడం ఒక్కటే చాలదు. చదివితే రాదు, ఇంట్లో ఇద్దరైనా క్లాసుకు వెళ్లి నేర్చుకోండి.

గాలి కొట్టే పూల్‌కు కూడా కంచె కావాలా? స్పాకు (వేడినీళ్ల తొట్టికి) మూత ఉంటే చాలా?

న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్ మూడింటిలోనూ 300 మి.మీ. కన్నా లోతుగా నీళ్లు పట్టే పూల్ ఏదైనా కంచె కావాలి, గాలి కొట్టేదైనా సరే. మీరు పోసే నీళ్లు కాదు, అందులో పట్టే లోతు లెక్క. అంతకన్నా చిన్నదాన్ని కొని, ఆట అయిన వెంటనే నీళ్లు పారబోసి బోర్లించండి. వాననీళ్లు కూడా నిండుతాయి.

స్పాకు న్యూ సౌత్ వేల్స్‌లో పిల్లలు తీయలేని, తాళం పడే గట్టి మూత సరిపోతుంది. విక్టోరియా, క్వీన్స్‌లాండ్‌లో మూత సరిపోదు, కంచె ఉండాల్సిందే.

సిడ్నీలో అద్దె ఇల్లు. గేటు గడియ పడటం లేదని ఏజెంటుకు చెప్పి చాలా రోజులైంది. మా మీద తప్పు వస్తుందా?

కంచె, గేటు నిబంధనలకు తగ్గట్టు ఉంచడం యజమాని బాధ్యత. కంప్లయన్స్ సర్టిఫికెట్ గానీ, గత మూడేళ్లలో ఇచ్చిన ఆక్యుపేషన్ సర్టిఫికెట్ గానీ లేకుండా పూల్ ఉన్న ఇల్లు అద్దెకు ఇవ్వకూడదు. గేటు మూసి ఉంచడం, కంచె పక్కన కుర్చీలు పెట్టకపోవడం మాత్రం ఆ ఇంట్లో ఉండే మీ బాధ్యతే. గడియ పాడైన వీడియో జతచేసి, తేదీతో ఏజెంటుకు ఈమెయిల్ పంపండి, దీన్ని అత్యవసర మరమ్మతుగా చూడాలని రాయండి. అయినా కదలకపోతే మీ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి, పరిశీలించే అధికారం వాళ్లకుంది. ఈలోపు గేటును గొలుసు, తాళంతో మూసేసి, తాళంచెవి పిల్లలకు అందనిచోట పెట్టి, మరమ్మతు అయ్యేదాకా పూల్ వాడటం మానేయండి.